డిప్లాయ్ జరుగుతున్నప్పుడు మైగ్రేషన్ ఎవరు నడపాలి, ఎప్పుడు నడపాలి?

కృష్ణలంక

అందరికీ నమస్కారం. మాది డయాగ్నొస్టిక్ సెంటర్ల కోసం నడిచే వెబ్ అప్లికేషన్. శాంపిల్ తీసుకున్నప్పటి నుంచి రిపోర్టు రోగి చేతికి అందే వరకు ప్రతి అడుగూ అందులోనే నమోదవుతుంది. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగో 4.2, డేటాబేస్‌గా పోస్ట్‌గ్రెస్ 14 వాడుతున్నాము. కంటైనర్లను నడిపే కుబర్నెటీస్‌లో ఎనిమిది పాడ్‌లు, అంటే అప్లికేషన్ ప్రతులు, నడుస్తాయి. కంటైనర్ లేచినప్పుడు నడిచే స్క్రిప్టులో మొదటి లైను టేబుళ్ళ నిర్మాణాన్ని మార్చే (మైగ్రేషన్) మైగ్రేట్ కమాండ్, రెండో లైను అప్లికేషన్‌ను నడిపే గునికార్న్ సర్వర్. రెండేళ్ళుగా ఇదే పద్ధతిలో నెట్టుకొస్తున్నాము, ఏనాడూ ఇబ్బంది రాలేదు.

పోయిన మంగళవారం ఉదయం 6:40కి ఒక అత్యవసర సవరణ పంపవలసి వచ్చింది. దానితో పాటు శాంపిళ్ళ టేబుల్‌లో ఒక కొత్త కాలమ్ కూడా వెళ్ళింది. శాంపిల్ సెంటర్‌లో తీసుకున్నారా, ఇంటికి వెళ్ళి తీసుకున్నారా అన్నది చెప్పే కాలమ్ అది. ఖాళీగా ఉండకూడదని నియమం పెట్టి, డిఫాల్ట్ విలువగా 'సెంటర్' ఇచ్చాను. ఆ టేబుల్‌లో మూడున్నర కోట్ల వరుసలున్నాయి. డిప్లాయ్, అంటే కొత్త కోడ్‌ను సర్వర్లకు పంపడం, మొదలైన కొద్ది క్షణాలకే రెండు కొత్త పాడ్‌లు 'ఈ కాలమ్ ఇప్పటికే ఉంది' అంటూ పడిపోయి మళ్ళీ లేవడం మొదలుపెట్టాయి. అంతకన్నా పెద్ద దెబ్బ పాత పాడ్‌ల నుంచి వచ్చింది. కొత్త శాంపిల్ నమోదు చేసిన ప్రతిసారీ, ఆ కాలమ్‌లో శూన్య విలువ (నల్) చెల్లదంటూ ఎర్రర్ ఇచ్చాయి. ఏడు నిమిషాల పాటు ఒక్క శాంపిల్ కూడా నమోదు కాలేదు. పరగడుపు పరీక్షల కోసం జనం బారులు తీరే వేళ అది. కౌంటర్లలో ఉన్నవాళ్ళు బార్‌కోడ్ అంకెలు కాగితం మీద రాసుకుని, తర్వాత ఒక్కొక్కటిగా ఎక్కించారు. రెండు ట్యూబుల అంకెలు తారుమారు కాబోయి ఆఖరి క్షణంలో పట్టుబడ్డాయని విన్నప్పుడు నా చేతులు చల్లబడ్డాయి.

నా ప్రశ్నలు రెండు. డిఫాల్ట్ ఇచ్చినా శూన్య విలువ అన్న ఎర్రర్ ఎందుకు వచ్చింది? మైగ్రేషన్‌ను కంటైనర్ స్క్రిప్టులో నడపడం తప్పయితే, మరెక్కడ నడపాలి?

మెహదీపట్నం

మొదటి ప్రశ్నకు జవాబు మీ మైగ్రేషన్ ఫైలులో కనిపించదు, అది డేటాబేస్‌కు పంపే ఎస్‌క్యూఎల్‌లో కనిపిస్తుంది. ఒకసారి ఎస్‌క్యూఎల్‌మైగ్రేట్ కమాండ్‌తో దాన్ని తెర మీద చూడండి. రెండు వాక్యాలు వస్తాయి. మొదటి వాక్యం మీ డిఫాల్ట్‌తో సహా కాలమ్‌ను చేరుస్తుంది. రెండో వాక్యం ఆ వెంటనే ఆ డిఫాల్ట్‌ను తీసివేస్తుంది. జాంగో లెక్కలో డిఫాల్ట్ అన్నది పైథాన్ వైపు వ్యవహారం. పాత వరుసలు నింపడానికి మాత్రమే దాన్ని డేటాబేస్‌కు కాసేపు అరువిచ్చి, పని కాగానే వెనక్కి తీసుకుంటుంది.

ఇప్పుడు మీ పాత పాడ్‌ల పరిస్థితి ఆలోచించండి. వాటిలోని కోడ్‌కు కొత్త కాలమ్ ఒకటి పుట్టిందన్న సంగతే తెలియదు కాబట్టి, అది పంపే ఇన్సర్ట్‌లో (వరుస చేర్చే వాక్యంలో) ఆ పేరే ఉండదు. డేటాబేస్‌లో డిఫాల్ట్ లేదు, ఖాళీగా వదలడానికి అనుమతీ లేదు. ఇన్సర్ట్ తిరస్కరణకు గురవుతుంది. కొత్త పాడ్‌లు పడిపోతూ లేస్తూ ఉండడం వల్ల పాతవాటి స్థానంలోకి అవి రావడం ఆలస్యమైంది, ఆ ఆలస్యమంతా మీ ఏడు నిమిషాల్లో కలిసింది.

2023 డిసెంబరులో వచ్చిన జాంగో 5.0లో డీబీ_డిఫాల్ట్ అనే సదుపాయం ఉంది, దాని ద్వారా ఇచ్చిన డిఫాల్ట్ డేటాబేస్‌లోనే నిలిచి ఉంటుంది. మీరు 4.2లోనే ఉండదలిస్తే, అదే మైగ్రేషన్‌లో కాలమ్ చేర్చిన వెంటనే నేరుగా ఎస్‌క్యూఎల్ నడిపే రన్ఎస్‌క్యూఎల్ ద్వారా డిఫాల్ట్‌ను తిరిగి పెట్టండి. పోస్ట్‌గ్రెస్‌లో మొత్తం మైగ్రేషన్ ఒకే ట్రాన్సాక్షన్‌లో, అంటే అంతా జరగడమో ఏమీ జరగకపోవడమో అన్నట్టు, నడుస్తుంది కాబట్టి, డిఫాల్ట్ లేని క్షణం బయటివాళ్ళకు కనిపించదు.

ఇక పాడ్‌లు పడిపోవడం గురించి. మైగ్రేట్ కమాండ్ నడుస్తున్నప్పుడు మరొకరు అదే పని చేస్తున్నారా అని జాంగో చూడదు, దానికి సొంత తాళం లేదు. ఎనిమిది పాడ్‌లున్నప్పుడు కుబర్నెటీస్ తన మామూలు అమరికలో ఒకేసారి ఒకటికి మించి కొత్త పాడ్‌లను లేపుతుంది. అవన్నీ ఒకే క్షణంలో, అయిపోయిన మైగ్రేషన్ల చిట్టా చూసి, 'ఈ మైగ్రేషన్ ఇంకా కాలేదు' అనుకున్నాయి. ఒకటి గెలిచింది, మిగిలినవి దాని వెనుక ఆగి, తమ వంతు రాగానే ఉన్న కాలమ్‌నే మళ్ళీ చేర్చబోయాయి. పాడ్‌ల సంఖ్య తక్కువగా ఉన్నంత కాలం ఒకేసారి లేచేవి కూడా తక్కువే కాబట్టి మీకు రెండేళ్ళుగా ఇది ఎదురుకాలేదేమో. ఈ మధ్య పాడ్‌లు పెంచారా?

కృష్ణలంక

అవును, పోయిన నెలలోనే నాలుగు నుంచి ఎనిమిదికి పెంచాము. ఆ రెండింటికీ సంబంధం ఉంటుందని నాకు తట్టనే లేదు. ఎస్‌క్యూఎల్‌మైగ్రేట్ నడిపి చూశాను, మీరు చెప్పిన రెండో వాక్యం కళ్ళ ముందే ఉంది. ధన్యవాదాలు.

వాల్తేరు_డీబీఏ

నేను డేటాబేస్ వైపు నుంచి ఒక మాట చేరుస్తాను, ఎందుకంటే కృష్ణలంక గారికి ఈసారి తప్పిపోయిన ప్రమాదం ఇంతకన్నా పెద్దది.

మూడున్నర కోట్ల వరుసలున్న టేబుల్‌కు డిఫాల్ట్‌తో కాలమ్ చేర్చినా మీకు కొన్ని క్షణాల్లో పని అయిపోయింది. 2018లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 11 పుణ్యం అది. అంతకు ముందు వెర్షన్లలో ఇదే వాక్యం టేబుల్ మొత్తాన్ని తిరగరాసేది, అది పూర్తయ్యే వరకు ఆ టేబుల్‌ను ఎవరూ చదవడానికి కూడా వీలుండేది కాదు. ఇప్పుడు స్థిరమైన డిఫాల్ట్ అయితే దాన్ని ఒక్కచోట రాసిపెట్టుకుని, పాత వరుసలను ముట్టకుండా వదిలేస్తుంది. యాదృచ్ఛిక గుర్తింపు సంఖ్య యూయూఐడీ లాగా వరుసవరుసకూ మారే విలువను డిఫాల్ట్‌గా ఇస్తే మాత్రం నేటికీ తిరగరాతే.

అయితే, వాక్యం ఎంత త్వరగా ముగిసినా దానికి తాళం దొరకాలి కదా. టేబుల్‌ను మార్చే ఆల్టర్ టేబుల్ వాక్యం చాలా సందర్భాల్లో అడిగేది యాక్సెస్ ఎక్స్‌క్లూజివ్ లాక్. ఆ టేబుల్ మీద మరే పనీ, డేటా చదివే మామూలు సెలెక్ట్ సహా, నడవని క్షణంలోనే అది దొరుకుతుంది. ఇది చాలామందికి తెలుసు. తెలియనిది ఆ వరుసలో దాని వెనుక జరిగేది. నేను పనిచేసిన ఒక చోట, నెలవారీ లెక్కల రిపోర్టు ఒకటి నలభై నిమిషాలుగా నడుస్తోంది. అది చదవడమే, ఎవరినీ అడ్డుకోదు. మా డిప్లాయ్ నుంచి వచ్చిన ఆల్టర్ దాని వెనుక నిలబడింది. ఆ తర్వాత వచ్చిన ప్రతి సెలెక్ట్, ప్రతి ఇన్సర్ట్ ఆల్టర్ వెనుక నిలబడ్డాయి, ఎందుకంటే వరుసలో ముందున్న పెద్ద తాళాన్ని దాటి చిన్న తాళాన్ని పోస్ట్‌గ్రెస్ ముందుకు పంపదు. రెండు నిమిషాల్లో కనెక్షన్లన్నీ నిండిపోయి సైట్ మొత్తం నిలిచిపోయింది. మైగ్రేషన్ లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు, అది ఓపికగా ఎదురుచూస్తోంది. సర్వర్లో ఏమీ జరగడం లేదు, సీపీయూ దాదాపు ఖాళీగా ఉంది. ఏం జరుగుతోందో అర్థం కావడానికి మాకు పావుగంట పట్టింది.

అందుకని మైగ్రేషన్ కోసం డేటాబేస్‌లో విడిగా ఒక యూజర్‌ను పెట్టి, ఆ యూజర్‌కు లాక్_టైమౌట్ విలువను మూడు నుంచి ఐదు సెకన్లుగా శాశ్వతంగా అమర్చండి. అంతలో తాళం దొరకకపోతే ఆల్టర్ విరమించుకుంటుంది, వెనుక నిలబడినవాళ్ళు కదులుతారు, కాసేపాగి మళ్ళీ ప్రయత్నించవచ్చు. మైగ్రేషన్ విఫలమైందని ఒక సందేశం రావడం, సైట్ పది నిమిషాలు ఆగిపోవడం, ఈ రెండింటిలో ఏది మేలో వేరే చెప్పనక్కరలేదు. ఎవరు ఎవరిని ఆపుతున్నారో చూడడానికి నడుస్తున్న పనులను చూపే పీజీ_స్టాట్_యాక్టివిటీతో పాటు పీజీ_బ్లాకింగ్_పిడ్స్ అనే ఫంక్షన్ ఉంది, ముందే ఒక క్వెరీ రాసి దగ్గర పెట్టుకోండి. అలాగే ట్రాన్సాక్షన్ తెరిచి ఊరికే కూర్చున్న కనెక్షన్లను కూడా చూడండి. ఎవరో డెస్క్‌టాప్ క్లయింట్‌లో బిగిన్ కొట్టి భోజనానికి వెళ్ళినా పర్యవసానం ఇదే.

ఓరుగల్లు

మేము రూబీ ఫ్రేమ్‌వర్క్ రైల్స్ వాడుతాము. రైల్స్ 5 నుంచి పోస్ట్‌గ్రెస్‌లోను మైఎస్‌క్యూఎల్‌లోను మైగ్రేషన్ మొదలుకాగానే ఒక అడ్వైజరీ లాక్ (ప్రోగ్రామే అడిగి తీసుకునే తాళం) తీసుకుంటుంది. రెండో ప్రాసెస్ వస్తే, మరొకటి నడుస్తోందని చెప్పి ఎర్రర్‌తో ఆగిపోతుంది. కాబట్టి కృష్ణలంక గారికి జరిగిన గుద్దులాట వేరే రూపంలో వస్తుంది తప్ప, కంటైనర్ స్క్రిప్టులో నడిపితే పాడ్‌లు పడిపోవడం రైల్స్‌లోనూ తప్పదు.

ఈ తాళం విషయంలో మేము ఒక దెబ్బ తిన్నాము. అది సెషన్‌కు కట్టుబడిన తాళం. మా అప్లికేషన్ డేటాబేస్‌తో నేరుగా మాట్లాడదు, మధ్యలో కనెక్షన్లను పంచే పీజీబౌన్సర్ ట్రాన్సాక్షన్ మోడ్‌లో ఉంటుంది. ఆ మోడ్‌లో ఒక ట్రాన్సాక్షన్‌కు దొరికిన కనెక్షన్ తర్వాతిదానికి దొరుకుతుందన్న హామీ లేదు. తాళం వేసింది ఒక కనెక్షన్‌లో, తీయబోయింది మరో కనెక్షన్‌లో. తాళం అలాగే ఉండిపోయి, తర్వాతి డిప్లాయ్‌లో మైగ్రేషన్ మొదలే కాలేదు. అప్పటి నుంచి మైగ్రేషన్ ఒక్కటీ పీజీబౌన్సర్‌ను పక్కన పెట్టి డేటాబేస్ పోర్టుకు నేరుగా కలుస్తుంది. జాంగోవాళ్ళు అడ్వైజరీ లాక్‌ను చేత్తో రాసుకున్నా ఇదే జాగ్రత్త అవసరం.

కాలమ్ తొలగించేటప్పుడు జరిగేది మరో కథ. రైల్స్‌లో డేటాబేస్‌తో మాట్లాడే యాక్టివ్ రికార్డ్, టేబుల్‌లోని కాలమ్‌ల పట్టికను ప్రాసెస్ నడిచినంత కాలం గుర్తుపెట్టుకుంటుంది. కాలమ్ తీసేసినా పాత ప్రాసెస్‌లు అదే పేరుతో ఇన్సర్ట్ పంపుతూనే ఉంటాయి. అందుకే ముందు డిప్లాయ్‌లో, పట్టించుకోకూడని కాలమ్‌ల జాబితా ఇగ్నోర్డ్_కాలమ్స్‌లో ఆ పేరు చేర్చి, అది అన్ని సర్వర్లకూ చేరిందని నిర్ధారించుకుని, ఆ తర్వాతి డిప్లాయ్‌లోనే కాలమ్‌ను తొలగిస్తాము. ఈ రెంటినీ ఒకే పుల్ రిక్వెస్ట్‌లో (కోడ్ మార్పు ప్రతిపాదనలో) ఎవరు పెట్టినా మా టీమ్‌లో వెనక్కి పంపేస్తాము.

కృష్ణలంక

మీరందరూ చెప్పినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. పాత కోడ్, కొత్త కోడ్ రెండూ ఒకే డేటాబేస్ మీద కలిసి నడిచే కొన్ని నిమిషాలు ప్రతి డిప్లాయ్‌లోనూ ఉంటాయి, టేబుల్ ఆ రెండింటికీ సరిపోయేలా ఉండాలి. నేను మాత్రం టేబుల్ మారిన మరుక్షణం కోడ్ కూడా మారిపోతుందన్నట్టు రాస్తూ వచ్చాను.

రెండో ప్రశ్నకు వస్తే, మైగ్రేట్ కమాండ్‌ను, అప్లికేషన్ కన్నా ముందు నడిచే ఇనిట్ కంటైనర్‌లోకి మార్చితే సరిపోతుందా?

మెహదీపట్నం

సరిపోదు. ఇనిట్ కంటైనర్ ప్రతి పాడ్‌కూ విడిగా నడుస్తుంది, కాబట్టి గుద్దులాట అలాగే ఉంటుంది. స్క్రిప్టులో నడపడంకన్నా ఒక మేలు మాత్రం ఉంది. అప్లికేషన్ కంటైనర్‌లోనే మైగ్రేషన్ నడిచి ఆలస్యమైతే, అప్లికేషన్ బతికే ఉందా అని అడిగే లైవ్‌నెస్ ప్రోబ్ జవాబు అందక దాన్ని మధ్యలోనే చంపేసే ప్రమాదం ఉంది. ఇనిట్ కంటైనర్ నడుస్తున్నంత సేపు ఆ ప్రోబ్ మొదలు కాదు. అంతవరకే.

మైగ్రేషన్ అన్నది ఒక్కసారి, ఒక్కచోట, కొత్త పాడ్‌లు లేవకముందు నడవవలసిన పని. కుబర్నెటీస్‌లో దానికి తగినది, ఒకసారి నడిచి ముగిసే జాబ్. డిప్లాయ్ సాధనం హెల్మ్ వాడుతుంటే ప్రీ-అప్‌గ్రేడ్ హుక్‌గా (కొత్తది పెట్టే ముందు నడిచే పనిగా) పెట్టండి, అలాంటిదే అయిన ఆర్గో సీడీ అయితే ప్రీసింక్. అది విఫలమైతే డిప్లాయ్ అక్కడే ఆగిపోతుంది, పాత పాడ్‌లు ఏమీ ఎరగనట్టు నడుస్తూ ఉంటాయి. క్లౌడ్ సేవ హెరోకూలో రిలీజ్ ఫేజ్ అన్నది ఇదే ఆలోచన. సొంత సర్వర్ల మీద కాపిస్ట్రానోతో డిప్లాయ్ చేసేవాళ్ళు మైగ్రేషన్‌ను ఒకే ఒక్క సర్వర్ పాత్రకు అప్పగించేది కూడా ఇందుకే.

జాబ్ పెట్టేటప్పుడు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. విఫలమైతే ఎన్నిసార్లు మళ్ళీ ప్రయత్నించాలన్నది చెప్పకపోతే కుబర్నెటీస్ ఆరుసార్ల వరకు పోతుంది. లాక్_టైమౌట్ వల్ల ఆగిన మైగ్రేషన్‌కు అది మంచిదే, కానీ డేటా తప్పు వల్ల పడిన మైగ్రేషన్‌ను ఆరుసార్లు నడిపి ఉపయోగం లేదు. నేను జాబ్‌ను సున్నా దగ్గర ఉంచి, తాళం దొరకని ఎర్రర్‌కు మాత్రం స్క్రిప్టు లోపలే ప్రయత్నాలు రాసుకుంటాను. రెండోది, హెల్మ్ ప్రీ-అప్‌గ్రేడ్ హుక్ నడిచే సమయానికి మీ కొత్త కాన్ఫిగ్‌మ్యాప్ (సెట్టింగులు), కొత్త సీక్రెట్ (రహస్య విలువలు) ఇంకా అమలులోకి రావు. కొత్త ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను సెట్టింగ్స్‌లో తప్పనిసరి చేసి అదే రిలీజ్‌లో పంపితే, జాబ్ సెట్టింగ్స్ చదివే దగ్గరే కూలిపోతుంది. నేను దీని మీద ఒక సాయంత్రమంతా ధారపోశాను.

డాలస్_నుంచి

ఇక్కడ అందరూ పోస్ట్‌గ్రెస్ వాళ్ళే ఉన్నట్టున్నారు. మైఎస్‌క్యూఎల్ వాడే తెలుగువాళ్ళు ఈ చర్చ చదివి, 'ట్రాన్సాక్షన్‌లో నడుస్తుంది కదా, మధ్యలో ఆగినా ఫర్వాలేదు' అనుకోకూడదని రాస్తున్నాను. మైఎస్‌క్యూఎల్‌లో ఆల్టర్ టేబుల్ వంటి ప్రతి వాక్యం అప్పటివరకు తెరిచి ఉన్న ట్రాన్సాక్షన్‌ను తనంతట తాను కమిట్ చేసేస్తుంది. ఒక మైగ్రేషన్‌లో మూడు ఆల్టర్‌లు ఉండి మూడోది పడితే, మొదటి రెండు టేబుల్‌లో నిలిచిపోతాయి, చిట్టాలో మాత్రం ఆ మైగ్రేషన్ కానట్టే ఉంటుంది. మళ్ళీ నడిపితే మొదటి వాక్యం దగ్గరే పడుతుంది. వెర్షన్ 8.0లో ఒక్కొక్క వాక్యం పూర్తిగా జరగడమో అసలు జరగకపోవడమో అన్న హామీ వచ్చింది కానీ, అది వాక్యానికే పరిమితం, ఫైలుకు కాదు. అందుకే మా నియమం ఒక ఫైలుకు ఒకే మార్పు.

వాల్తేరు_డీబీఏ గారు చెప్పిన వరుస సమస్య ఇక్కడ మెటాడేటా లాక్ పేరుతో ఉంటుంది. దానికి వేచి ఉండే కాలపరిమితి లాక్_వెయిట్_టైమౌట్, దాని డిఫాల్ట్ 3,15,36,000 సెకన్లు, అంటే అక్షరాలా ఒక సంవత్సరం. మైగ్రేషన్ సెషన్‌లో దాన్ని తగ్గించకుండా పెద్ద టేబుల్‌ను ముట్టకండి.

8.0.12 నుంచి కాలమ్ చేర్చడానికి ఇన్‌స్టంట్ పద్ధతి ఉంది. దాన్ని మైఎస్‌క్యూఎల్ ఇష్టానికి వదలకుండా వాక్యంలోనే స్పష్టంగా రాయండి. ఆ మార్పు ఇన్‌స్టంట్‌గా సాధ్యం కాకపోతే గంటల తరబడి టేబుల్ నకలు తీయడానికి బదులు వెంటనే ఎర్రర్ ఇస్తుంది. సాధ్యం కాని మార్పులకు మేము గిట్‌హబ్ వాళ్ళు 2016లో విడుదల చేసిన గోస్ట్ అనే సాధనం వాడుతాము. అది నీడ టేబుల్ ఒకటి కట్టి, పాత వరుసలను కొద్దికొద్దిగా నకలు తీస్తూ, మధ్యలో వచ్చే మార్పులను బిన్‌లాగ్ (మైఎస్‌క్యూఎల్ మార్పుల చిట్టా) నుంచి చదివి కలుపుకుని, చివరన పేర్లు మార్చుతుంది. పెర్కోనా వాళ్ళ సాధనం ఇదే పనిని ట్రిగ్గర్లతో చేస్తుంది. ఫారిన్ కీలు (మరో టేబుల్ వరుసను సూచించే కాలమ్‌లు) ఉన్న టేబుళ్ళకు గోస్ట్ పనికిరాదు.

సిద్ధిపేట

ఇంత చర్చ చదివాక ఒక సందేహం. మాది ఒక చిన్న సంస్థ అంతర్గత అప్లికేషన్, రెండు వందల మంది వాడుతారు, రాత్రి ఎనిమిది తర్వాత ఎవరూ ఉండరు. మేము రాత్రి తొమ్మిదికి నిర్వహణ పేజీ పెట్టి, సర్వర్ ఆపి, బ్యాకప్ తీసి, మైగ్రేషన్ నడిపి, మళ్ళీ లేపుతాము. పది నిమిషాల పని. ఇది అనాగరికమైన పద్ధతా?

వాల్తేరు_డీబీఏ

కానే కాదు. మీ వాడుకరులు రాత్రి లేనప్పుడు, పాత కోడ్ కొత్త కోడ్ కలిసి నడవవలసిన అవసరమే మీకు లేదు. ఒక కాలమ్ మార్చడానికి నాలుగు డిప్లాయ్‌లు చేసే శ్రమ మీకు ఏమీ తెచ్చిపెట్టదు. ఆపగలిగినవాళ్ళు ఆపి చేయడమే సురక్షితం.

ఒక్కటి అడుగుతాను. ఆ బ్యాకప్‌ను ఎప్పుడైనా మరో సర్వర్లో తిరిగి ఎక్కించి చూశారా? 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో పొరపాటున అసలు డేటాబేస్ డైరెక్టరీ తొలగిపోయినప్పుడు, బ్యాకప్ కోసం వెతికితే డేటాబేస్ వెర్షన్‌కు సరిపోని, బ్యాకప్ తీసే పాత పీజీ_డంప్ నడుస్తూ చాలా కాలంగా విఫలమవుతోందని అప్పుడు బయటపడింది. సుమారు ఆరు గంటల డేటా పోయింది. ఆ వివరాలన్నీ వాళ్ళే బహిరంగంగా ప్రకటించారు. బ్యాకప్ ఫైలు ఉండడం వేరు, అందులోంచి డేటాబేస్ లేవడం వేరు.

సిద్ధిపేట

నిజం చెప్పాలంటే ఎక్కించి చూడలేదు. ఈ శనివారం చూస్తాను.

ఓరుగల్లు

నేను మెహదీపట్నం గారిని ఒకటి అడగదలిచాను. మైగ్రేషన్‌కు వెనక్కి తీసుకునే భాగం కూడా తప్పనిసరిగా రాయాలని మా దగ్గర నియమం ఉంది. మీరు దాని గురించి ఏమీ అనలేదు.

మెహదీపట్నం

నేను డెవలపర్ మెషీన్ మీద తప్ప దాన్ని నమ్మను, అందుకే అనలేదు. కాలమ్ చేర్చే మార్పును వెనక్కి తీసుకోవడమంటే కాలమ్ తొలగించడమే. ఆ పది నిమిషాల్లో కొత్త కోడ్ దానిలో రాసిన డేటా దానితోనే పోతుంది. కాలమ్ తొలగించిన మార్పును వెనక్కి తీసుకుంటే ఖాళీ కాలమ్ వస్తుంది, పోయిన డేటా రాదు. పైగా ఆ భాగం అసలు సర్వర్లో మొదటిసారి నడిచేది అందరూ కంగారులో ఉన్నప్పుడు. టేబుల్ పాత కోడ్‌కు సరిపోయేలా ఉంచితే, ఇబ్బంది వచ్చినప్పుడు కోడ్‌ను ఒక్కదాన్నే వెనక్కి తీసుకెళ్ళవచ్చు, టేబుల్‌ను ముట్టనక్కరలేదు. టేబుల్‌నే సరిచేయవలసి వస్తే మరో మైగ్రేషన్ ముందుకు రాస్తాను.

ఓరుగల్లు

సగం ఒప్పుకుంటాను. తప్పు ఇండెక్స్ (వెతకడాన్ని వేగం చేసే పట్టిక) ఒకటి పడి రాయడం మందగించినప్పుడు, సిద్ధంగా ఉన్న వెనక్కి తీసుకునే భాగమే మమ్మల్ని రెండు నిమిషాల్లో గట్టెక్కించింది. డేటా పోయే అవకాశం లేని మార్పులకు దాన్ని రాయడం వృథా కాదు. డేటా పోయే మార్పులకు మాత్రం మీ మాటే సరైనది. అలాంటివాటిని గిట్‌ల్యాబ్ వాళ్ళు మామూలు మైగ్రేషన్ల నుంచి విడదీసి, డిప్లాయ్ పూర్తయ్యాక నడిచే వేరే వర్గంగా పెట్టుకున్నారు. మేము కూడా అదే ఫోల్డర్ పద్ధతి తెచ్చుకున్నాము. చేర్చేవి కోడ్‌కు ముందు, తీసేవి కోడ్‌కు తర్వాత.

కృష్ణలంక

ఇప్పుడు నా ముందున్నది ఇంతకన్నా పెద్ద మార్పు. శాంపిళ్ళ టేబుల్‌లో పరీక్ష రాసిన డాక్టర్ పేరు అక్షరాలుగా ఉంటుంది. ఒకే డాక్టర్ పేరు నాలుగు రకాలుగా కనిపిస్తుంది. దాని స్థానంలో డాక్టర్ల టేబుల్‌కు ఫారిన్ కీ పెట్టాలి. మూడున్నర కోట్ల వరుసలనూ ఒకే అప్‌డేట్‌తో నింపే ఫంక్షన్‌ను మైగ్రేషన్‌లోనే రాసి ఉంచాను. మీ మాటలు చదివాక దాన్ని నడపడానికి ధైర్యం చాలడం లేదు.

వాల్తేరు_డీబీఏ

ఆ ధైర్యం చాలకపోవడమే మంచిది. పోస్ట్‌గ్రెస్‌లో అప్‌డేట్ అంటే ఉన్న వరుసను దిద్దడం కాదు, కొత్త ప్రతి రాసి పాతదాన్ని చెల్లనిదిగా గుర్తించడం. మూడున్నర కోట్ల వరుసలను ఒకే దెబ్బలో మార్చితే టేబుల్ డిస్క్ మీద ఇంచుమించు రెట్టింపు అవుతుంది. ఆ ట్రాన్సాక్షన్ ముగిసే వరకు వాక్యూమ్ ఆ చెత్తను తీయలేదు, రెప్లికాలు (నకలు సర్వర్లు) వెనుకబడతాయి, అప్‌డేట్ ముట్టిన వరుసను మార్చబోయిన ప్రతి వాడుకరీ ఆగిపోతాడు. చివర్లో పడిపోతే అంతా మళ్ళీ మొదటికి.

డేటా నింపడాన్ని మైగ్రేషన్ నుంచి బయటకు తీయండి. విడిగా ఒక మేనేజ్‌మెంట్ కమాండ్ రాసి, ఐడీల శ్రేణి ప్రకారం ఐదు వేల వరుసల చొప్పున మార్చి, ప్రతి విడతకూ కమిట్ చేసి, కాసేపు ఆగి, రెప్లికా ఎంత వెనుకబడిందో చూసి ముందుకు వెళ్ళండి. ఆఫ్‌సెట్‌తో విడతలు చేయకండి, అది ప్రతిసారీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ వస్తుంది. ఎక్కడ ఆగినా అక్కడి నుంచే మొదలయ్యేలా చివరి ఐడీని రాసిపెట్టుకోండి. ఒక రాత్రి కాకపోతే మూడు రాత్రులు పట్టనివ్వండి, తొందర ఏముంది?

మరొక ఉచ్చు ఉంది. ఫారిన్ కీ ఫీల్డ్ చేర్చితే జాంగో దానంతటదే ఇండెక్స్ కూడా కడుతుంది. అది మామూలు ఇండెక్స్, కడుతున్నంత సేపు ఆ టేబుల్‌లో రాయడం ఆగిపోతుంది. ఆ ఫీల్డ్‌కు ఇండెక్స్ వద్దని చెప్పి, వేరే మైగ్రేషన్‌లో, రాయడం ఆపకుండా ఇండెక్స్ కట్టే ఆడ్‌ఇండెక్స్‌కంకరెంట్లీ వాడండి. అది ట్రాన్సాక్షన్ లోపల నడవదు, కాబట్టి ఆ మైగ్రేషన్‌ను అటామిక్ కాదని ప్రకటించాలి. మధ్యలో విఫలమైతే చెల్లని ఇండెక్స్ ఒకటి టేబుల్‌కు వేలాడుతూ ఉంటుంది. క్వెరీలకు అది పనికిరాదు, కానీ ప్రతి ఇన్సర్ట్ దాన్ని కూడా మోస్తూనే ఉంటుంది. దాన్ని తొలగించి మళ్ళీ కట్టాలి.

అన్ని వరుసలూ నిండాక, ఖాళీ ఉండకూడదన్న నియమం నేరుగా పెడితే టేబుల్ మొత్తం చదివేంత సేపు పెద్ద తాళం పడుతుంది. ముందు అదే అర్థం వచ్చే చెక్ నియమాన్ని నాట్ వాలిడ్ (పాత వరుసలను ఇంకా తనిఖీ చేయలేదు) అని చేర్చండి, క్షణంలో అవుతుంది. తర్వాత దాన్ని వాలిడేట్ చేయండి, అప్పుడు చదవడం రాయడం రెండూ నడుస్తూనే ఉంటాయి. పోస్ట్‌గ్రెస్ 12 నుంచి, అలాంటి చెక్ నియమం ఉంటే నాట్ నల్ పెట్టేటప్పుడు టేబుల్‌ను మళ్ళీ చదవదు. ఆ పని అయ్యాక చెక్ నియమాన్ని తీసేయవచ్చు.

కృష్ణలంక (పదిహేడు రోజుల తర్వాత)

చేసినది చెప్పడం నా బాధ్యత కాబట్టి రాస్తున్నాను. మైగ్రేషన్ ఇప్పుడు హెల్మ్ హుక్‌లో జాబ్‌గా, తన సొంత డేటాబేస్ యూజర్‌తో, నాలుగు సెకన్ల లాక్_టైమౌట్‌తో నడుస్తోంది. మొదటి డిప్లాయ్‌లో ఖాళీగా ఉండగల డాక్టర్ ఐడీ కాలమ్ ఒక్కటే వెళ్ళింది. అది మూడుసార్లు తాళం దొరక్క వెనక్కి తగ్గి, నాలుగోసారి దక్కించుకుంది. చూస్తే ఆ సమయంలో అకౌంట్స్ వాళ్ళ రాత్రి రిపోర్టు నడుస్తోంది. వాల్తేరు_డీబీఏ గారు వర్ణించిన వరుస నాకే ఎదురైంది, కానీ కౌంటర్లలో ఎవరికీ తెలియలేదు. రెండో డిప్లాయ్‌లో కోడ్ పేరు, ఐడీ రెండూ రాయడం మొదలుపెట్టింది. ఆ తర్వాత నాలుగు రాత్రుల్లో పాత వరుసలు నిండాయి, ఏ డాక్టరో తేల్చలేని పేర్లను 'వివరం లేదు' అన్న ఒక వరుసకు కలిపి, జాబితా సెంటర్లకు పంపాము. ఇండెక్స్ ఒకసారి చెల్లనిదిగా మిగిలింది, తొలగించి మళ్ళీ కట్టాను. మూడో డిప్లాయ్‌తో చదవడం కూడా ఐడీ నుంచే. ఇవన్నీ సైట్ ఆపకుండానే జరిగాయి.

ఇక మిగిలింది పాత పేరు కాలమ్‌ను తొలగించడం. నిన్న కోడ్ అంతా వెతికి, ఎక్కడా దాని ప్రస్తావన లేదని చూసుకుని, మైగ్రేషన్ రాసి సిద్ధం చేశాను.

వాల్తేరు_డీబీఏ

చాలా సంతోషం. ఆ మైగ్రేషన్ నడిపే ముందు నడిచిన క్వెరీల లెక్క ఉంచే పీజీ_స్టాట్_స్టేట్‌మెంట్స్‌లో ఆ కాలమ్ పేరు కోసం వెతకండి. మీ రెపోజిటరీలో లేని క్వెరీలు కూడా డేటాబేస్‌కు వస్తుంటాయి.

కృష్ణలంక

వెతికాను. ఒకటి దొరికింది. డాక్టర్లకు పంపే నెలాఖరు లెక్క కోసం, మూడేళ్ళ క్రితం ఎవరో వేరే సర్వర్లో పెట్టిన, నిర్ణీత వేళకు తనంతట తాను నడిచే క్రాన్ స్క్రిప్ట్ ఆ కాలమ్‌నే చదువుతోంది. నెలకు ఒక్కసారే నడుస్తుంది. దాన్ని మార్చి, వచ్చే నెల ఒకటో తేదీన లెక్క సరిగ్గా వెళ్ళిందని చూశాకే కాలమ్ తొలగిస్తాను.